ఫోను తెరపై జరుగు పనిని వీడియోగా తీసి తోటి రైతులకు చూపుట

మన కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల నల్లరేగడి భూములలో పత్తి పండించు రైతులకు, సరుకు బండి కెత్తుటకు ముందే ఫోను తెరువవలసిన దినములు వచ్చినవి. 2025 వ సంవత్సరమున భారత పత్తి సంస్థ, అనగా మనవారు సి.సి.ఐ. అని పిలుచు సంస్థ, 'కపాస్ కిసాన్' అను యాప్‌ను ప్రవేశపెట్టి, మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు అందులో నమోదు కావలెనని నియమించినది. పేరు, ఆధారు, భూమి వివరములు, పత్తి వేసిన విస్తీర్ణము అందు చేర్చవలెను; అధికారులు వానిని సరిచూతురు; పిమ్మట సరుకు ఏ దినమున తెచ్చునో ఆ దినమును రైతు యాప్‌లోనే ఎన్నుకొనవలెను. దీనినే స్లాటు అనుచున్నారు. 2025-26 లో మద్దతు ధర క్వింటాలునకు పొడవుపింజ పత్తికి 8,110 రూపాయలు, మధ్యరకపు పింజకు 7,710 రూపాయలు.

స్లాటు దొరకని రైతు, లేక దొరికినదానిని తెలియక పోగొట్టుకొన్న రైతు, అప్పు గడువు మీద పడినప్పుడు ఊరిలోనికి వచ్చిన వ్యాపారి చెప్పిన ధరకే సరుకు ఇచ్చివేయును. పైగా పత్తిలో తేమ 8 శాతము దాటినకొలది ధర తగ్గును. 12 శాతము దాటినదానిని సంస్థ కొనదు. కావున పత్తి ఆరబెట్టు దినములను స్లాటు దినముతో పొసగించుకొనుటయు రైతు చేతిలోనే యుండవలెను. ఇంతటి పనిని పక్కింటి కుర్రవానికో, ఇంటర్నెట్టు కొట్టువానికో అప్పగించి, వారేమి నొక్కిరో తెలియకయే తిరిగివచ్చుట మనలో పలువురకు అలవాటైనది. కుర్రవాడు చదువునకై పట్టణమునకు పోయినచో కథ మరల మొదటికి వచ్చును.

పనిని ఒక్కసారి వీడియోగా తీసి యుంచినచో సంఘ సభ్యులందరు దానిని ఎన్నిమారులైనను చూచుకొనవచ్చును. అట్లు తీయుటకు వేరొక ఫోను పట్టుకొని నిలువ నక్కరలేదు. అట్లు తీసినచో తెరపై వెలుగు పడి అక్షరములు కానరావు, చేయి అడ్డము వచ్చును. తెరపై కనబడునది కనబడినట్లు, నోట చెప్పినది చెప్పినట్లు ఫోనే స్వయముగా వీడియోగా నిలుపుకొను సదుపాయము కలదు. దానికి స్క్రీన్ రికార్డరు అని పేరు. ఆండ్రాయిడు ఫోనులలో 2020 లో వచ్చిన 11 వ తరము నుండియు, ఐఫోనులలో 2017 నుండియు ఇది ఫోనుతోడనే వచ్చుచున్నది. అంతకు ముందటి ఆండ్రాయిడు ఫోనులలో సైతము కొందరు తయారీదారులు తమంతట తాము అమర్చియున్నారు.

తెర పైఅంచు నుండి వ్రేలితో క్రిందికి లాగినచో టార్చి, వైఫై మొదలగు గుర్తుల నడుమ ఈ గుర్తు కనబడును. ఆండ్రాయిడులో దానిని తాకగనే శబ్దము కావలెనా అని అడుగును. మైకు శబ్దమును ఎన్నుకొననియెడల మీరు చెప్పిన మాట లేవియు అందు పడవు. వ్రేలు తాకినచోట చుక్క కనబడునట్లు చేయుమా అనియు పెక్కు ఫోనులు అడుగును. ఇది తప్పక పెట్టవలెను. చుక్క లేని వీడియోలో పేజీలు వాటంతట అవే మారుచున్నట్లుండును; ఎక్కడ నొక్కిరో చూచువానికి తెలియదు.

వీడియో తీయుటకు ముందు చేయవలసిన దానిపై మేము కొంత ఎక్కువ చెప్పదలచితిమి, ఏలయన చిక్కులన్నియు అక్కడనే యున్నవి. యాప్‌లో చూపుటకు ఒక నిజమైన రైతు ఖాతా కావలయును. ఆ రైతు అనుమతి ముందుగా అడుగవలెను. ఏమి తీయబోవుచున్నామో, ఎవ్వరికి చూపబోవుచున్నామో అతనికి విప్పి చెప్పవలెను. ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, భూమి ఖాతా నంబరు తెరపైకి వచ్చు ఘట్టములు ముందే చూచి గుర్తించుకొని, అక్కడ రికార్డు ఆపివేసి ఆ పేజీ దాటిన పిమ్మట మరల మొదలిడవలెను. లేనిచో పిమ్మట ఆ భాగమును కత్తిరించుటయో, నంబరుపై నల్లపట్టీ వేయుటయో చేయవలెను. ఆధారునకు ఉన్నవి పండ్రెండు అంకెలే. అవి కన్నుమూసి తెరచునంతసేపు కనబడినను, వీడియోను ఆపి చూచువానికి అంతసేపు చాలును.

ఓ.టి.పి. సంగతి మరియు సున్నితము. అది యాప్‌లో చూపనక్కరలేకున్నను, సందేశముగా తెర పైభాగమున జారిపడి వీడియోలో పడిపోవును. అదేవిధముగా బ్యాంకువారి సందేశములు, ఇంటివారి మాటలు కూడ. అందుచేత రికార్డు మొదలిడుటకు ముందే 'డు నాట్ డిస్టర్బ్' అను గుర్తును తాకి సందేశములు తెరపైకి రాకుండ చేయవలెను. చెల్లింపు యాప్‌లను తీయబోయినచో వీడియోలో నల్లతెర మాత్రమే వచ్చుట తరచు జరుగును. ఫోను చెడినదని భయపడవద్దు. సొమ్ము భద్రతకై ఆ యాప్‌వారే రికార్డు కానీయకుండ కట్టుదిట్టము చేసియుందురు. అది మంచిదే.

మరియొక సంగతి పలువురకు తోచదు. మచ్చునకని స్లాటు ఎన్నుకొని చివరి గుర్తును నొక్కినచో అది మచ్చు కాదు, నిజమైన స్లాటే యగును. సరుకు లేని దినమున రైతు పేర చోటు నిండును, వేరొక రైతునకు ఆ చోటు తప్పును. కావున చివరి గుర్తు దగ్గర ఆగి 'ఇక్కడ నొక్కవలెను' అని చెప్పి ముగింపవలెను. ఆ పిమ్మటి పేజీ కూడ చూపవలెనన్నచో, ఆ దినమున నిజముగా స్లాటు తీసికొనబోవు రైతు పనినే తీయవలెను. రెండవదియే మాకు నచ్చినది. అందులో తొందర, తడబాటు, వేచియుండుట అన్నియు ఉన్నవి యున్నట్లు పడును.

ఇక చెప్పు తీరు. తెరపై ఏ మాట యున్నదో ఆ మాటనే పలుకవలెను. తెరపై 'సబ్మిట్' అని యున్నప్పుడు 'సమర్పింపుడు' అని చెప్పినచో రైతు ఆ మాటను తెరపై వెదకి విసుగుచెందును. 'సబ్మిట్ అని యున్నదానిని నొక్కుడు, దానితో మన వివరములు అధికారులకు చేరును' అనవలెను. నొక్కుటకు ముందు రెండు మూడు క్షణములు వ్రేలు నిలుపవలెను. చేయు వానికి అది విసుగుగా తోచును గాని, చూచు పెద్దవారి కంటికి అంతసేపు కావలయును. ఫోనులో అక్షరముల పరిమాణమును ముందే పెంచుకొనుటయు మంచిది.

మేము చూచిన ఇట్టి వీడియోలలో పెక్కింటికి ఒక లోపము కలదు. అందు అన్నియు నూనె పోసినట్లు నడచిపోవును. రైతునకు అట్లు నడువదు. ఓ.టి.పి. రాదు, ఆధారునకు కలిపిన ఫోను నంబరు ఏనాడో మారిపోయి యుండును, పట్టాదారు పుస్తకములో తండ్రి పేరుండగా సాగు కొడుకుది యగును, వివరములు పంపి దినములు గడచినను ఆమోదము రాదు. వీడియోలో సగము కాలమైనను ఇట్టి అడ్డంకులకు ఇయ్యవలెను. అడ్డంకి వచ్చినపుడు తెర ఎట్లుండునో చూపి, దేనికి మన గ్రామపు రైతు సేవా కేంద్రమునకు పోవలెనో, దేనికి మార్కెట్టు కమిటీ కార్యాలయమునకు పోవలెనో, దేనికి ఆధారు కేంద్రమునకు పోవలెనో, ఏయే కాగితములు వెంట తీసికొనిపోవలెనో చెప్పవలెను.

ఒక వీడియోలో ఒక్క పనియే యుండవలెను: నమోదు ఒకటి, స్లాటు ఒకటి, స్లాటు రద్దు ఒకటి. మూడు నాలుగు నిమిషములు దాటనీయకుడు. వాట్సాపులో మామూలుగా వీడియో పంపినచో అది కుదించి పంపుటచే తెరపైని చిన్న అక్షరములు అలికినట్లగును. 'డాక్యుమెంటు' అను మార్గమున పంపినచో తీసినది తీసినట్లే చేరును. కాని డేటా ఎక్కువ పట్టును. స్మార్టుఫోను లేని సభ్యులును కలరు గనుక సంఘ కార్యాలయములోని టీవీలో పెట్టి చూపుట యన్నింటికంటె మేలు. 2006 లో బెంగుళూరులో మైక్రోసాఫ్టు వారి పరిశోధనశాలలో మొదలైన డిజిటల్ గ్రీన్ అను సంస్థ, రైతులచేతనే సేద్యపు వీడియోలు చేయించి పల్లెలలో చూపినప్పుడు అనుసరించిన పద్ధతి యిట్టిదే: ఊరివా డొకడు ప్రక్కన నిలిచి, వీడియోను నడుమనడుమ ఆపుచు, చూచువారిని ప్రశ్నలడుగుచు, వారి ప్రశ్నలకు బదులిచ్చుచు నడపును. మన కార్యదర్శులు ఆ పని చేయలేనిది కాదు.

తెరను రికార్డు చేయుట వేరు, తెరను పరులకు చూపుట వేరు. మొదటిది మన ఫోనులోనే యుండును, మనము పంపినగాని పోదు. రెండవదానిలో ఎక్కడనో యున్నవాడు మన తెరను అప్పటికప్పుడు చూచుచుండును. 'పి.ఎం. కిసాన్ సొమ్ము ఆగినది, ఈ యాప్ వేసికొని తెర చూపుడు, సరిచేసెదము' అని ఫోను చేయువారు దొంగలు. వాట్సాపులో 'ఏ.పి.కె.' అను తోకతో వచ్చు ఫైలును తెరువరాదు. మన సంఘపు వీడియోలు ఎన్నడు ఆ రూపమున రావు. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. జాగు చేసినకొలది సొమ్మును ఆపుట కష్టమగును.

యాప్‌లు తరచు మారుచుండును. నిరుటి వీడియోను నమ్మి నడచిన రైతు, లేని గుర్తును వెదకుచు స్లాటు వేళ దాటబెట్టుకొనగలడు. కావున ప్రతి వీడియో ఆరంభమునను తీసిన తేదీ నోట చెప్పవలెను. యాప్ మారినట్లు తెలిసిన దినముననే కార్యదర్శి పాతదానిని గ్రూపులో నుండి తొలగించి, క్రొత్తది వచ్చువరకు ఏ వేళలలో కార్యాలయమునకు వచ్చినచో పని చేసి చూపుదురో బోర్డుపై వ్రాయించి పెట్టవలెను.