దీపము తుపాకిపైనా, చేతిలోనా?

మైపాడు మొదలుకొని కృష్ణపట్టణము వఱకు మన సముద్రతీరమున రాత్రివేళ సంచరించినవారికి వెలుగును చీకటియు ప్రక్కప్రక్కనే కాపురముండుట కానవచ్చును. రొయ్యల గుంటలున్నచోట విద్యుద్దీపముల వరుసలు, నీటిని చిలుకు యంత్రముల హోరు, కరకట్టలపై టార్చిలైట్లతో తిరుగు కాపలాదారులు. గుంటల వరుస దాటినంతనే సరుగుడు తోటలు. అచ్చట తన చేయి తనకు గానరాదు. తుపాను వచ్చి స్తంభములు కూలిన దినములలో ఈ భేదమును ఉండదు. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమును తాకిన తుపాను నెఱిగిన పెద్దలకు తీరమంతయు నొక్కటే చీకటియగుట యెట్టిదో మేము చెప్పనక్కఱలేదు.

ఇట్టి తీరమున భూములును గుంటలును గల గృహస్థులలో లైసెన్సు పొంది రివాల్వరునో పిస్తోలునో ఇంట నుంచుకొన్నవారు కొందఱు కలరు. వారి యెదుట నొక క్రొత్త ప్రశ్న నిలిచియున్నది. తుపాకిగొట్టము క్రింద దీపమును బిగించుకొనుటకు వీలుగా గాడులుగల పట్టా యుండవలెనా, అక్కఱలేదా? చూచుటకిది పనివాని పని, దుకాణదారుని బేరము. మేమట్లు తలపము. ఈ ప్రశ్నలో నొక మనుష్యుని ప్రాణమున్నది. ఆ మనుష్యుడు దొంగయే కానక్కఱలేదు.

ఆయుధములనగానే మన దేశీయులకు వెనుకటి యవమానము జ్ఞప్తికి వచ్చుట సహజము. లిట్టన్ ప్రభువు కాలమున, 1878లో వెలువడిన ఆయుధముల చట్టము భారతీయుని చేతినుండి తుపాకిని లాగికొని, దొరలకు మాత్రము మినహాయింపు నొసగెను. రైతు పంటకావలికై తుపాకి నుంచుకొనవలెనన్నను సర్కారు కచ్చేరి మెట్లు ఎక్కి దిగవలసియుండెను. 1930లో మైపాడు తీరమున ఉప్పుచట్టమును ధిక్కరించిన తరమువారు ఈ చట్టమును గూడ ఆ గాటికే కట్టి చూచిరి. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, తగిన నియమములకు లోబడి ఆయుధములు ధరించు హక్కు ప్రతి పౌరునకును గలదని చేర్చబడినది. 1948లో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగమున నెక్కింప ప్రయత్నించిరి గాని సభ యంగీకరింపలేదు. స్వతంత్రభారతము 1959లో పాత చట్టమును తొలగించి తన చట్టమును తాను చేసికొన్నది. అయినను తుపాకి హక్కు కాలేదు, అనుమతిగనే నిలిచినది. 2019 నాటి సవరణచే ఒక్కరు ఉంచుకొనదగిన తుపాకులు మూడింటినుండి రెండింటికి తగ్గినవి; లైసెన్సు గడువు మూడేండ్లనుండి ఐదేండ్లయినది; పెండ్లిపందిళ్ళలో సంబరమునకై కాల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చినవానికి రెండేండ్ల వఱకు ఖైదో, లక్ష రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఎన్నికలు వచ్చినపుడు తుపాకి నప్పగించి రసీదు పుచ్చుకొనుట మన లైసెన్సుదారులకు అలవాటైన పనియే. ఎంత గొప్ప దీపము బిగించినను ఆ దినములలో అది ఠాణా బీరువాలోనే వెలుగవలెను!

ఇక పట్టా సంగతి. ఇది రైలుపట్టా వంటిదే, మిక్కిలి చిన్నది. గొట్టము క్రింది చట్రముపై పొడవుగ నొక పట్టీ. దానికి అడ్డముగ గాడులు. దీపమును దానిపై జొప్పించి, అడ్డకమ్మిని గాడిలో కూర్చి, మఱ బిగింతురు. తుపాకి ప్రేలినపుడు కలుగు అదరునకు దీపము జారిపోకుండ ఆ గాడి పట్టుకొనును. తుపాకిపై దూరదర్శినిని నిలుపుటకు అమెరికాలో వీవరు కల్పించిన పట్టీ మొదట వాడుకలో నుండెను. అయితే దాని గాడుల నడిమి దూరమునకు నియమము లేనందున ఒకరి సామాను మఱొకరి తుపాకికి అమరుననెడి నమ్మకము లేకుండెను. న్యూజెర్సీ యందలి పికటినీ ఆయుధశాల పేర 1995లో అమెరికా సైన్యము ఈ కొలతలను స్థిరపఱచెను. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి నడిమినుండి తరువాతి గాడి నడిమికి 10.01 మిల్లీమీటర్లు. ఇది ముఖ్యముగ రైఫిళ్ళ కొఱకైన కొలత. పిస్తోళ్ళలో జర్మనీవారి హెక్లర్ అండ్ కాక్ సంస్థ 1993లో తన స్వంత గాడితో నొక పిస్తోలును వెలువరించెను. ఆస్ట్రియావారి గ్లాక్ పిస్తోలునకు 1990ల చివర పట్టా వచ్చినది. నేడు పాశ్చాత్యదేశములలో పోలీసుల కొఱకు తయారగు పెద్ద పిస్తోళ్ళలో పట్టా లేనిది అరుదు.

మన లైసెన్సుదారునకు దొరకు సరకు వేఱు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధశ్రేణికి చెందినదగుటచే సామాన్యగృహస్థునకు లభింపదు. .32 అంగుళముల రివాల్వరో పిస్తోలో అతనికి గతి. కాన్పూరు ఫీల్డుగన్ ఫ్యాక్టరీ 2014లో స్త్రీల రక్షణకని ప్రకటించి వెలువరించిన నిర్భీక్ రివాల్వరు బరువు సుమారు 500 గ్రాములు. వెల నాడు లక్షా ఇరువదివేల రూపాయలకు పైమాట. పిస్తోలుకు బిగించు పేరొందిన దీపముల బరువు 110 నుండి 120 గ్రాములుండును. పావుసేరు బంగారమునకు అరసేరు పెట్టె యన్న సామెత లేదు గాని యుండదగును: తేలికయని కొన్న తుపాకి ముక్కుకు దాని బరువులో ఇంచుమించు నాలుగవవంతు వ్రేలాడదీసిన తరువాత తేలికతనమెక్కడిది? మీదుమిక్కిలి రివాల్వరు నిర్మాణమున గొట్టము క్రింద పట్టాకు చోటు తక్కువ. తోలుసంచియు మార్చవలసినదే.

చట్టము చెప్పునదేమి? 1959 నాటి చట్టము తుపాకి యను పదమును నిర్వచించుచు, ప్రేలుడు శబ్దమును గాని మెఱుపును గాని తగ్గించు సాధనములను గూడ తుపాకిలో చేర్చినది. అనగా వెలుగును దాచు పరికరము చట్టము కంటబడినది. వెలుగును జోడించు దీపమును గూర్చి ఆ నిర్వచనమున మాట లేదు. అయితే దీనిని చూచి పట్టా లేని తుపాకిని కంసాలి యొద్దకు తీసికొనిపోయి చట్రమును తొలిపింపబోవుట తగదు. తుపాకులను మార్చుటకును మరమ్మతు చేయుటకును ప్రత్యేకముగ లైసెన్సు పొందినవారే అర్హులు.

దీపమును తుపాకిపై బిగింపవలెననువారి వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. రెండు చేతులతో పట్టిన పిస్తోలు ఒక చేతిలోని దానికంటె నిలుకడగ నుండును. టార్చి వేఱుగ నున్నచో ఎడమచేయి దానికే అంకితము. తలుపు తెఱచుటకు గాని, బిడ్డను వెనుకకు లాగుటకు గాని, ఫోనులో పోలీసులను పిలుచుటకు గాని చేయి మిగులదు. ఈ చిక్కును తీర్చుటకే అమెరికా పోలీసులు 1970లనాడు టార్చిచేతి మణికట్టును తుపాకిచేతి మణికట్టు క్రిందుగ పోనిచ్చి రెండు చేతుల వెనుకభాగములను ఒండొంటి కానించి పట్టు పద్ధతిని నేర్చిరి. అది సాధన లేనివానికి వట్టి గారడీ. గుఱి తెలియక కాల్చుటకంటె వెలుగులో ముఖము చూచి కాల్చకుండుట మేలనియు వారందురు. ఈ కడపటి మాట ముమ్మాటికిని నిజము. ముఖము చూడవలెను. అయితే ఆ ముఖముపైకి మొదట పోవలసినది వెలుగా, తుపాకిగొట్టమా? మా వివాద మచ్చటనే యున్నది.

తుపాకి చేతబట్టిన ప్రతివానికిని నేర్పు తొలి పాఠములలో నొకటి, కాల్చదలచని దానివైపు గొట్టము త్రిప్పరాదనుట. దీపము గొట్టమునకే అంటియున్నపుడు ఈ పాఠమునకు నీళ్ళు వదలవలసినదే. ఏ మూల వెదకినను ఆ మూలకు గొట్టము పోవును. పెరటి తలుపు చప్పుడైనదని లేచిన యజమాని ఆ దీపముతో వసారా అంతయు వెదకుచున్నా డనుకొనుడు. నీళ్ళు త్రాగుటకు లేచిన కొమారుడు, చంటిబిడ్డకు పాలు కాచుచున్న కోడలు, అరుగుమీద నిద్రించు పాలేరు, ఒకరి తరువాత ఒకరు ఆ గొట్టమున కెదురుగ నిలుతురు. వెలుగును గచ్చుపైనో పైకప్పుపైనో కొట్టి దాని ప్రతిఫలనముచేత గది చూడవచ్చునని నేర్పరులు చెప్పుదురు. నిద్రమత్తులో గుండె దడదడలాడుచున్న గృహస్థునకు ఆ నేర్పు తోచునా?

నేర్పుగలవారికే తప్పిన సందర్భము కలదు. 2010లో టెక్సాసు రాష్ట్రమునందలి ప్లేనో నగరమున మత్తుమందుల వ్యవహారములో ఒకనిని పట్టుకొనబోయిన పోలీసు అధికారి, దీపము మీటను నొక్కబోయి ట్రిగ్గరును లాగితినని చెప్పెను. ఎదుటివాడు మరణించెను. అట్టి దీపముల మీట పిడి ముందువైపున, ట్రిగ్గరు కవచమునకు క్రిందుగా నుండును. భయమున పిడికిలి బిగిసినపుడు ఒక వ్రేలు చేయు పని ప్రక్క వ్రేలును చేయుట మానవశరీర స్వభావము. అది వేతనము పుచ్చుకొని శిక్షణపొందిన అధికారి చేతనైన పని. ఏడాదికొకసారి దసరానాడు బీరువానుండి తీసి, కుంకుమపెట్టి, మరల బీరువాలో పెట్టు మన గృహస్థులు తమ చేతివ్రేళ్ళను అంతకంటె ఎక్కువగ నమ్మదగునా?

మన తీరమున చీకటిలో తిరుగువారెవరో గూడ తలపవలెను. పట్టుబడికి వచ్చిన గుంటలో దొంగతనములు జరుగుట అబద్ధము కాదు. నెలలకొలది మేతకును కరెంటుకును పోసిన సొమ్ము ఒక్కరాత్రిలో వలవేసి యెత్తుకొనిపోయినచో రైతు కడుపుమంట ఎట్టిదో మే మెఱుగుదుము. కాని తెల్లవాఱుఝామున రెండు మూడు గంటలకు ఆ కట్టలమీదుగనే పట్టపువారు పడవలకై వేటకు పోవుదురు. పట్టుబడికి పిలిచిన కూలీలు పొద్దు పొడువకముందే వత్తురు. ప్రక్క గుంట కాపలాదారుడు అగ్గిపెట్టెకై ఇటు వచ్చును. వలబుట్ట భుజమున వేసికొన్న వేటగాడును వలబుట్ట భుజమున వేసికొన్న దొంగయు చీకటిలో ఒక్కటే రూపు.

దొంగయే యనుకొందము, అప్పుడైనను చట్టము గుంటయజమానికి చంపు నధికారమీయలేదు. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఆస్తిరక్షణకై ప్రాణము తీయు వఱకు పోదగిన సందర్భములను విడివిడిగ చెప్పినది: దోపిడి, సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ ఇల్లు పగులగొట్టి చొచ్చుట, మనుష్యులుండు ఇంటికి నిప్పుపెట్టుట మొదలగునవి. వట్టి దొంగతనము, ప్రాణమునకో తీవ్రమైన గాయమునకో భయము కలుగునప్పుడు తప్ప, అందులో చేరదు. పాత శిక్షాస్మృతియు 1860నుండి ఇంచుమించు ఇట్లే చెప్పెడిది. రొయ్యలు పోయినవని మనిషిని కాల్చినవానికి దీపము ఎంత ప్రకాశవంతమైనదైనను న్యాయస్థానమున త్రోవ చూపజాలదు.

కంటి సంగతియు కొంచెము చెప్పవలెను. చీకటికి కన్ను పూర్తిగ అలవాటు పడుటకు ఇరువదినుండి ముప్పది నిమిషములు పట్టును. ఐదువందల, వేయి ల్యూమెనుల దీపమును సున్నముకొట్టిన గోడల నడుమ వెలిగించినచో ఎదుటివానికెంత మిరుమిట్లో తనకును కొంత అంతే. శీతకాలపు వేకువ పొగమంచులో వెలుగు తెల్లని తెఱయై ముందు నిలుచును. ఇక ఉప్పుగాలి. ఇనుపకిటికీలను మూడేండ్లకు తినివేయు గాలి బ్యాటరీల కొసలను, మఱలను విడుచునా? నెలల తరబడి బీరువాలో పడియున్న దీపము కావలసిన క్షణమున వెలుగునని ప్రమాణము చేయగలవారెవరు? టార్చి అట్లు కాదు. అది ప్రతిదినము చేతిలో ఆడు వస్తువు. చెడినచో ఆనాడే తెలియును.

పోలీసుల విషయమున మా యభిప్రాయము వేఱు. ఈ తీరమున సముద్రరక్షణకు నియమితులైన పోలీసులు, శ్రీహరికోట అంతరిక్షకేంద్రమును కాయు పారిశ్రామిక భద్రతాదళమువారు, అడవులలో రాత్రింబగళ్ళు తిరుగుటకై 1989లో ఏర్పడిన గ్రేహౌండ్సు వంటి దళములు, వీరు ఆయుధముతోనే ముందునకు పోవలసినవారు. 2008 నవంబరులో ముంబయికి శత్రువులు సముద్రమార్గముననే వచ్చిరన్నది మఱువరానిది. చీకటి పడవలోనికి దుమికిన జవానునకు ఒక చేయి త్రాటిని పట్టుటకు కావలెను. అట్టివారి పిస్తోళ్ళకు పట్టా యుండుట అవసరము. దానితో కూడ వెదకుటకు వేఱొక టార్చియు, రాత్రిపూట గుఱిసాధనకు తగినన్ని తూటాలును ఉండుట అంతకంటె అవసరము. పట్టా కొని సాధన కొనని శాఖ, దీపము కొని నూనె కొనని ఇల్లు వంటిది.

మఱొక మాట. పులికాటు సరస్సునకును నేలపట్టునకును వచ్చు పక్షులను ఆ పల్లెలవారు శుభమని కాచుకొనుచున్నారు. నేలపట్టు 1976నుండి రక్షితప్రదేశము. జంతువుల కన్నులలో వెలుగు కొట్టి నిశ్చేష్టముగ నిలిపి కాల్చుటను పాతకాలపు షికారీలే నీచమనిరి. తుపాకికి దీపము తగిలించుట యింటింటి అలవాటైనచో ఆ నీచపుపనికి సాధనము సిద్ధమైనట్లే.

పట్టాను నిషేధింపుడని మేము సర్కారును కోరుట లేదు. మూడంగుళముల లోహపుపట్టీ ఎవరిని చంపదు. కొన్న పిస్తోలుకు పట్టా ముందే యున్నచో ఉండనిండు, ఖాళీగనే ఉండనిండు. లైసెన్సుకై వచ్చినవారికి 2016 నాటి నియమావళి విధించిన భద్రతాశిక్షణలో రాత్రి భాగమును చేర్చి, చీకటిగదిలో మనిషిని పోల్చుట యెట్లో నేర్పించినచో చాలమంది దీపమును తామే వలదందురని మా నమ్మకము. ఇంటి నాలుగుమూలల దీపములు, లోగిలిలో మొఱుగు కుక్క, తలాపున టార్చి, తాళమువేసిన బీరువాలో తుపాకి, ఈ వరుస మాఱరాదు. గుంటల యజమానులు మఱి కొంత చేయవలెను. కరకట్టలపై కాపలాయున్నవారిలో పలువురు ఈనాటికిని మసకవెలుగు టార్చిలతోనే తిరుగుచున్నారు. పిస్తోలు దీపమునకు వేలు వెచ్చింపదలచినవారు ఆ సొమ్ములో కొంత తీసి వారికి మంచి టార్చిలును, ప్రతివారము క్రొత్త బ్యాటరీలును కొని యిత్తురుగాక.