విత్తనపు పత్తిలో ఆడపిల్లలు

సంకర పత్తి విత్తనం కావాలంటే సాయంత్రం ఒక్కొక్క మొగ్గనూ ఒలిచి కేసరాలు తీసివేయాలి. మరునాటి ఉదయం వేరొక రకపు పుప్పొడి అద్దాలి. 1970లో సూరత్‌లో తొలి సంకర పత్తి విడుదలైన నాటి నుండి ఇది చేతిపనే. కర్నూలు పల్లెలలో క్రాసింగ్ అంటారు.

ఈ పనికి బడి ఈడు ఆడపిల్లలను పెట్టుకున్నారు. చిన్నవేళ్ళ నేర్పు అన్నది సాకు. అసలు కారణం కూలి. కంపెనీ పిల్లలను నియమించదు. మధ్యవర్తి ద్వారా రైతుకు మూలవిత్తనమిచ్చి, కొనుగోలు ధరను తానే నిర్ణయిస్తుంది. ఆ ధరలో పెద్దల కూలి ఇమడదు. తండ్రికి అడ్వాన్సు ఇస్తే బిడ్డ సీజనంతా ఆ చేనికే కట్టుబడాలి. మా తరగతిలోనూ ఆ నెలలలో చాపలు ఖాళీగా ఉండేవి. గైర్హాజరని వ్రాసి ఊరుకున్నాము.

పరిశోధకులు విదేశీ కంపెనీల పేర్లు బయటపెట్టాక, కొన్ని సంస్థలు పెద్దలనే పెట్టుకొనే రైతుకు కొంత అదనపు ధర చెల్లించాయి. 2016 చట్టసవరణ మాత్రం ప్రమాదకరం కాని కుటుంబపు పనులలో, బడి విడిచిన తరువాత, పిల్లలు చేయి వేయవచ్చునన్నది. మొగ్గ ఒలిచేది సాయంత్రమే కదా!