పెంపుడు జంతువుల వణుకు, కండరాలను సడలించే మందులు

దుబాయి, అబూధాబి, షార్జా నగరాల అపార్టుమెంట్లలో పిల్లినో చిన్న కుక్కనో పెంచుకునే తెలుగు కుటుంబాలు ఇప్పుడు అరుదేమీ కాదు. ఆ ఇళ్ళలో సాధారణంగా కనిపించే మరొక వస్తువు, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నింపి తెచ్చుకున్న మందుల డబ్బా. నడుము పట్టేస్తే ఒక మాత్ర, మెడ బిగిస్తే మరొకటి అందులో ఉంటాయి. ఇంట్లో జంతువుకు ఒళ్ళు వణికినా, కాళ్ళు బిగుసుకున్నా, చెయ్యి ఆ డబ్బా వైపు పోవడం సహజం. మనిషి కండరాన్ని సడలించే మందు కుక్క కండరాన్నీ సడలిస్తుంది కదా అన్న తర్కం పైకి సబబుగానే కనిపిస్తుంది. అది సగమే నిజం. మిగిలిన సగం తెలియకపోవడం వల్లనే ప్రమాదాలు జరుగుతాయి.

మందు పనిచేసే చోటు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో ఫ్రాంక్ బెర్గర్ అనే శాస్త్రవేత్త పెన్సిలిన్‌ను చెడిపోకుండా కాపాడే పదార్థాల కోసం వెదుకుతున్నాడు. అలా పరీక్షించిన కొన్ని రసాయనాలు ఇచ్చినప్పుడు ప్రయోగశాలలోని చిన్న జంతువులు స్పృహ కోల్పోకుండానే ఒళ్ళు వదులై వాలిపోవడం ఆయన గమనించాడు. బ్రాడ్లీతో కలిసి 1946లో ఆయన వివరించిన మెఫెనెసిన్ ఈ తరహా మందులకు ఆద్యం. దానికి రసాయనికంగా దగ్గరి చుట్టమైన మెథోకార్బమాల్ 1957లో అమెరికాలో అనుమతి పొందింది. మన దగ్గు మందుల్లో కఫాన్ని పలుచబరిచే గ్వైఫెనెసిన్ కూడా ఈ కుటుంబంలోనిదే. గుర్రాలకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను వదులు చేయడానికి పశువైద్యులు దానిని వాడతారు.

పేరుకు కండరాల మందులే అయినా, వీటిలో ఎక్కువ భాగం కండరాన్ని నేరుగా ముట్టుకోవు. వెన్నుపాములో నాడీకణాల మధ్య సందేశాలను చేరవేసే మధ్యవర్తి కణాల ఉద్రేకాన్ని మెథోకార్బమాల్ తగ్గిస్తుందని శాస్త్రజ్ఞుల భావన. కండరకణం లోపల కాల్షియం విడుదలను అడ్డుకుని నేరుగా పనిచేసే డాంట్రొలీన్ వంటివి తక్కువ. అంటే, ఈ మందులు వణుకు ఆజ్ఞను బలహీనపరుస్తాయే తప్ప, ఆ ఆజ్ఞ ఎందుకు పుట్టిందన్న ప్రశ్న జోలికి పోవు.

ప్రాణం నిలిపే సందర్భం

మెథోకార్బమాల్ విలువ స్పష్టంగా కనిపించేది పిల్లులకు పెర్మెత్రిన్ విషం సోకినప్పుడు. వెచ్చని దేశాల్లో కుక్కలను పట్టే పిడుదుల నివారణకు మెడ వెనుక చుక్కలుగా వేసే మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ అధిక గాఢతలో ఉంటుంది. చేమంతి జాతి పూలలోని సహజ కీటకనాశినిని అనుకరించి తయారుచేసిన రసాయనం ఇది. కుక్క దీనిని సులభంగా తట్టుకుంటుంది. పిల్లి తట్టుకోలేదు. ఎన్నో రసాయనాలను నీటిలో కరిగే రూపంలోకి మార్చి బయటకు పంపడానికి కాలేయం వాడే గ్లూకురోనిడేషన్ అనే ప్రక్రియ పిల్లుల్లో చాలా బలహీనం. అందుకు తోడ్పడే యూజీటీ1ఏ6 అనే జన్యువు పిల్లి జాతిలో పనిచేయని అవశేషంగా మిగిలింది.

కుక్క మందును పిల్లికి వేసినా, మందు వేసిన కుక్కను ఆనుకుని పిల్లి పడుకున్నా, కొన్ని గంటల్లోనే చెవులు అదరడం, ముఖం కండరాలు ఎగరడం మొదలై ఒళ్ళంతా వణుకు వ్యాపించవచ్చు. నాడీకణాల సోడియం ద్వారాలు సకాలంలో మూసుకోకపోవడమే దీనికి మూలం. ఆగకుండా సంకోచించే కండరాలు వేడిని పుట్టిస్తాయి. శరీర ఉష్ణోగ్రత ప్రమాదస్థాయికి చేరుతుంది, కండరాలు చితికి మూత్రపిండాల మీద భారం పడుతుంది. కనుక ఇక్కడ వణుకును ఆపడమే చికిత్సలో ప్రధాన భాగం. వైద్యులు మెథోకార్బమాల్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. గోరువెచ్చని నీటితో, గిన్నెలు కడిగే ద్రవంతో చర్మం మీది రసాయనాన్ని కడిగేస్తారు. అవసరమైతే కొవ్వు ద్రావణాన్ని కూడా నరంలోకి ఇస్తారు. వణుకు తగ్గాక, తడిసిన పిల్లి ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడకుండా చూడాలి. సకాలంలో వైద్యం అందితే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి.

మందు పక్కదారి పట్టించే సందర్భాలు

అదే వణుకుకు వేరే కారణం ఉన్నప్పుడు కథ మారిపోతుంది. జూలై ఎండలో నడకకు వెళ్ళి వచ్చిన చప్పిడి ముక్కు కుక్క తూలుతూ వణికితే అది ఎండదెబ్బ కావచ్చు. ముందు దాని ఒళ్ళు చల్లటి నీటితో తడిపి, గాలి తగిలేలా చేసి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని జైలిటాల్ తిన్న కుక్కలో ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగసి రక్తంలో చక్కెర పడిపోతుంది. దానికి కావలసింది గ్లూకోజు. పాలిస్తున్న తల్లి కుక్క బిగుసుకుపోయి వణికితే కాల్షియం తగ్గిందేమో చూడాలి. డిస్టెంపర్ వ్యాధి మిగిల్చే కండరాల కుదుపులు నిద్రలోనూ ఆగవు, మందులకూ అంతగా లొంగవు.

వణుకుకూ మూర్ఛకూ తేడా గుర్తించడం మరొక మెట్టు. వణుకులో జంతువుకు సాధారణంగా తెలివి ఉంటుంది, పిలిస్తే చూస్తుంది. మూర్ఛలో తరచు స్పృహ తప్పుతుంది, మూత్రం పోవచ్చు. మూర్ఛకు చికిత్స వేరు. ఫోనులో తీసిన అర నిమిషం వీడియో వైద్యునికి మన వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది.

నడుం జబ్బు సంగతీ ఇలాంటిదే. డాక్స్‌హుండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి జాతుల్లో వెన్నుపూసల మధ్య బిళ్ళ జారితే నడుం కండరాలు బిగుస్తాయి. నొప్పి మందులతోపాటు మెథోకార్బమాల్‌ను కూడా వైద్యులు రాస్తుంటారు. కానీ శస్త్రచికిత్స అవసరం లేని కేసుల్లో అసలు వైద్యం కనీసం నాలుగు వారాల కట్టుదిట్టమైన విశ్రాంతి. మందుతో హాయిగా అనిపించి కుక్క సోఫా ఎక్కి దూకితే ఆ ఉపశమనమే అపకారమవుతుంది.

మన డబ్బాలోని మాత్రలు

మన మాత్రల్లో కండరాలను సడలించే మందు తరచు ఒంటరిగా ఉండదు. క్లోర్‌జోక్సజోన్‌తో పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, టిజానిడిన్‌తో అసిక్లోఫెనాక్ వంటి జోడింపులు భారతీయ మార్కెట్లో మామూలు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు: రక్తం ప్రాణవాయువును మోసే శక్తి కోల్పోయి, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, ప్రాణం పోవచ్చు. ఇబుప్రొఫెన్ కుక్కల జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

సడలించే మందులూ ఒక్క తీరువి కావు. బాక్లోఫెన్ మనుషులకు చిరకాలంగా వాడుతున్న మందే అయినా, ఒకటి రెండు మాత్రలు చిన్న కుక్కను కోమాలోకి నెట్టి, ఊపిరి కండరాలను స్తంభింపజేసి, వెంటిలేటర్ అవసరమయ్యే స్థితికి తేగలవు. టిజానిడిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పడవేస్తుంది. డయాజిపామ్‌ను నోటి ద్వారా వరుసగా ఇచ్చినప్పుడు కొన్ని పిల్లుల్లో కాలేయం హఠాత్తుగా దెబ్బతిన్న సంఘటనలు 1990ల నుండి నమోదయ్యాయి. చివరకు మెథోకార్బమాల్ కూడా మగతను కలిగిస్తుంది, ఇతర మత్తు మందులతో కలిస్తే ఆ ప్రభావం పెరుగుతుంది. జంతువు బరువు, మూత్రపిండాల స్థితి, వాడుతున్న ఇతర మందులు చూసి మోతాదు నిర్ణయించవలసింది వైద్యుడే.

ఎమిరేట్స్‌లో ఉన్నవారికి

ఇక్కడ చట్టం కోణం కూడా ఉంది. మత్తు, మానసిక ప్రభావం గల పదార్థాలపై 2021 నాటి 30వ ఫెడరల్ చట్టం కఠినమైనది. డయాజిపామ్ వంటి నియంత్రిత మందులను ఊరి నుండి తేవాలంటే మన సొంత వాడకానికైనా చీటీ, ముందస్తు అనుమతి కావాలి. ‘కుక్క కోసం’ అన్న మాట విమానాశ్రయంలో వాదనగా నిలవదు. మరొకవైపు, ఈ దేశపు పెద్ద నగరాల్లో లైసెన్సు ఉన్న పశువైద్యశాలలు ఉన్నాయి, కొన్ని రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. అర్ధరాత్రి వెదుక్కోకుండా, దగ్గరిలోని అలాంటి వైద్యశాల నంబరును ముందే ఫోనులో దాచుకోవడం మంచిది.

జంతువు వణకడం మొదలైతే అది ఏం తిన్నదో, ఒంటికి ఏం తగిలిందో ఆలోచించి, ఆ పెట్టెనో సీసానో చేత పట్టుకుని బయలుదేరాలి. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం వద్దు: వణికే జంతువు ఆ వాంతిని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకోవచ్చు. ఇంట్లోని మాత్ర ఏదైనా ఇచ్చేసి ఉంటే, సంకోచపడకుండా పేరు, పరిమాణం, సమయం చెప్పాలి. ఆ సమాచారాన్ని బట్టి చికిత్స మారుతుంది, కొన్ని మందులకు విరుగుడు కూడా ఉంది.