కొట్టులో కీర్తనలు

డిసెంబర్ వచ్చిందంటే అమెరికా చర్చిల్లో ఒక ఫిర్యాదు తప్పక వినిపిస్తుంది: వ్యాపారులు క్రీస్తు జన్మదినాన్ని ఎత్తుకుపోయారని. బాధలో నిజముంది. వరసే కాస్త తిరగబడింది. అక్కడ ఈ పండగను మొదట కాదన్నది భక్తులే.

1659లో మసాచుసెట్స్ బే వలసలోని ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టంట్లు చట్టం చేశారు. డిసెంబర్ 25న పని మానేసో, విందు చేసుకునో పండగ జరిపితే ఐదు షిల్లింగుల జరిమానా. 1681లో గానీ అది రద్దు కాలేదు. వాళ్ల వాదన సూటిగా ఉండేది: సువార్తల్లో తేదీ లేదు, జరపమన్న ఆజ్ఞా లేదు. పైగా ఆనాటి క్రిస్మస్ అంటే తాగుడు, జూదం, కలిగినవాళ్ల తలుపులు బాది తిండీ సారా రాబట్టుకోవడం. ప్రెస్బిటేరియన్లదీ ఇంచుమించు అదే పట్టు. వాళ్ల పుట్టినిల్లు స్కాట్లండ్‌లో క్రిస్మస్ ప్రభుత్వ సెలవైంది 1958లో. (కేథలిక్కులు, లూథరన్లు, ఆంగ్లికన్లు మాత్రం ఈ గొడవతో పనిలేకుండా జరుపుకుంటూనే ఉన్నారు.)

పంతొమ్మిదో శతాబ్దంలో వీధి గోల సద్దుమణిగి, పండగ ఇంట్లో పిల్లల చుట్టూ చేరింది. పిల్లలకు బహుమతులు కావాలి. అమ్మేవాళ్లు ముందే సిద్ధం. ఇక్కడే ఫిలడెల్ఫియా వ్యాపారి జాన్ వానమేకర్ గురించి చెప్పుకోవాలి. ఆయన ప్రెస్బిటేరియన్, సండే స్కూలు పెట్టి దశాబ్దాల పాటు నడిపిన మనిషి. 1904 నాటి సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన భారీ ఆర్గన్‌ను కొని తన కొత్త దుకాణ భవనపు హాల్లో బిగించాడు. 1911లో అది మోగింది. క్రిస్మస్‌కు పాటల పుస్తకాలు పంచితే, కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి కీర్తనలు పాడేవాళ్లు. 1920లలో ఆ హాలును ఏకంగా కథీడ్రల్‌లా అలంకరించేవారు. బిల్లు కౌంటరు కూడా దగ్గర్లోనే ఉండేది లెండి. ఇది వేషమని కొట్టిపారేయడం తేలిక. నాకు తోచేదేమంటే, ఆయన కంటికి గుడికీ కొట్టుకూ మధ్య గోడే కనిపించలేదు. కపటమైతే నిలదీయొచ్చు, ఇంత నిష్కపటాన్ని ఏం చేస్తాం?

జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు కదా అని కొట్లవాళ్లు బైబిల్‌నూ సాక్ష్యానికి పిలుస్తారు. కానీ ఆ జ్ఞానులు ఇచ్చింది శిశువుకు. ఒకరికొకరు ఇచ్చుకున్నట్టు మత్తయి రాయలేదు.

నా లెక్కలో వ్యాపారం నిజంగా తీసుకున్నది పండగ రోజును కాదు, దాని ముందున్న ఎదురుచూపును. ఆగమన కాలాన్ని పాటించే సంఘాలకు ఆ నాలుగు ఆదివారాలు నిగ్రహానివి, ప్రార్థనవి. అంగడికి అదే గిరాకీ కాలం. దాన్ని ఇంకో వారం సాగదీయమని దుకాణదారులు అడిగితే, 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ గిరాకీ మొదలయ్యే థాంక్స్‌గివింగ్ పండగనే వారం ముందుకు జరిపాడు. చర్చి పంచాంగంలో క్రిస్మస్ మొదలయ్యేది డిసెంబర్ 25న. ఆ తర్వాత పన్నెండు రోజులు సాగుతుంది. 26న కొట్లలో మిగిలిన సరుకు సగం ధరకు వస్తుంది.