చొక్కా మీది ఉప్పు, లోయలోని ఉప్పు

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో చిన్న నడకలకు ఎక్కువమంది ఎంచుకునే చోటు బ్యాడ్‌వాటర్ బేసిన్. కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, తెల్లని ఉప్పు నేల మొదలవుతుంది. సముద్ర మట్టానికి 86 మీటర్లు దిగువన ఉన్న ఈ నేల ఉత్తర అమెరికాలోకెల్లా పల్లం. పక్కనున్న కొండ మీద 'సీ లెవెల్' అని రాసిన పలక ఉంటుంది. మెడ వెనక్కి వాల్చి వెతుక్కుంటే గాని కనబడదు. ఆ పలకకూ మనకూ మధ్య పాతిక అంతస్తుల ఎత్తుంది.

ఇంత ఉప్పు సముద్రం నుంచి వచ్చిందే అనుకుంటాం. కాదు, కొండల నుంచి వచ్చింది. వాన నీరు రాళ్లలోని లవణాలను కరిగించుకుని లోయలోకి దిగుతుంది. దిగిన నీటికి బయటికి పోయే దారి లేదు. మంచు యుగంలో ఇక్కడ పెద్ద సరస్సే ఉండేది. దాన్ని లేక్ మ్యాన్లీ అంటారు. ఇప్పుడు పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు సియెర్రా నెవాడాతో మొదలుపెట్టి వరసగా పర్వతాలు దాటేసరికి తేమంతా పోగొట్టుకుంటాయి. లోయలో ఏడాదికి పడే వాన సగటున 5 సెంటీమీటర్లే. వచ్చిన కాస్త నీరూ ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మన చినగంజాం కొఠార్లలో మడులు కట్టి చేసే పని ఇక్కడ వేల ఏళ్లుగా దానంతటదే జరుగుతోంది. 2023 ఆగస్టులో హిలరీ తుపాను తెచ్చిన వానకు ఆ పాత సరస్సు కొన్ని నెలల పాటు మళ్లీ కనిపించింది కూడా.

ఇంకొంచెం లోపలికి నడిచి, వంగి చూడండి. నేల మీద ఉప్పు గట్లు ఒకదానికొకటి కలిసి ఐదారు మూలల గళ్లుగా పరుచుకుని ఉంటాయి. ఒక్కో గడి మీటరు, రెండు మీటర్ల వెడల్పు. ఎండిన చెరువులో నెర్రెల లాంటివే అని చాలాకాలం అనుకున్నారు. కానీ నెర్రెల కొలత మట్టిని బట్టి మారుతుంది. ఈ గళ్లు మాత్రం ఏ దేశపు ఉప్పు ఎడారిలోనైనా ఇంచుమించు ఇదే కొలతలో ఉంటాయి. 2023లో వెలువడిన ఒక పరిశోధన దీనికి కారణం చెప్పింది. నేల కింద ఉప్పు నీరు ఉంది. పైపొరలో నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలింది చిక్కబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. తేలిక నీరు గడి నడిమి నుంచి పైకి వస్తుంది. చిక్కటి నీరు దిగే అంచుల్లోనే ఉప్పు ఎక్కువగా పేరుకుని గట్టు కడుతుంది. కాళ్ల కింద కంటికి కనబడని ప్రవాహం తన పటాన్ని పైన గీస్తోందని తెలిశాక, ఆ గట్ల మీద అడుగు వేయడానికే మనసొప్పదు.

అదే ఆవిరి మన ఒంటి మీదా పనిచేస్తుంది. గాలి చర్మం కంటే వేడెక్కినప్పుడు ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. విజయవాడ ఉక్కలో చెమట కారి చొక్కా తడుస్తుంది కనుక ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. డెత్ వ్యాలీ పొడి గాలిలో చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. గంటకు లీటరు పోయినా చొక్కా పొడిగానే ఉంటుంది. వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. నడక చిన్నదే కదా అన్న ధీమా ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న నమోదైన 56.7 డిగ్రీలే ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో నేటికీ అత్యధిక ఉష్ణోగ్రత. నేల ఇంకా వేడెక్కుతుంది. 1972 జులైలో అక్కడే నేల 94 డిగ్రీలకు చేరింది.

మరో చిన్న నడక కోరేవారికి గోల్డెన్ కాన్యన్ ఉంది. లేక్ మ్యాన్లీ కంటే ఎంతో పాతదైన మరో సరస్సు అడుగు బురద అక్కడ పసుపుపచ్చని గోడలుగా లేచి నిలబడింది. ఒకప్పుడు లోపలికి తారు రోడ్డు ఉండేది, 1976 వరదలో అది కొట్టుకుపోయింది.

లాస్ వేగాస్ నుంచి ఇది రెండు గంటల దారి. అమెరికాలోని పిల్లల దగ్గరికి పెద్దవాళ్లు ఎక్కువగా వేసవిలోనే వెళ్తారు కాబట్టి ఒక్క మాట. నవంబరు నుంచి మార్చి వరకు నడవడానికి మంచి కాలం. వేసవిలో పల్లపు ప్రాంతాల్లో ఉదయం 10 తర్వాత నడవవద్దని పార్కు అధికారులే చెబుతారు. పార్కులో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. అమ్మానాన్నల చేతిలో నీళ్ల సీసా పెట్టి ఊరుకోకండి, అది ఎంత ఖాళీ అయిందో మధ్యమధ్య మీరే చూడండి.