క్రీడాభిమాని తీర్పు

ఉర్దూలోని ‘ఉస్తాద్’ తెలుగులో ‘వస్తాదు’ అయినది. ఉస్తాద్ అనగా గురువు. మన పల్లెలలో ఆ పేరు మల్లయోధునికి స్థిరపడినది. బరిలో దిగినవారు చూచేవారికి సైతం గురువులు కాగలరని మాకు తెలిపినది నిజామాబాదు ముష్టియోధురాలు నిఖత్ జరీన్.

1996లో జన్మించిన నిఖత్ 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయినది. మన తెలుగు బిడ్డ అని గర్వించాము. 2017లో భుజానికి గాయమై ఆమె బరికి దూరమైనప్పుడు మరచిపోయాము.

2019లో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపవలెనన్న ఆలోచన సాగినది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం పొందిన యోధురాలు. తనకూ న్యాయంగా అవకాశం ఇమ్మని కోరుతూ నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి లేఖ వ్రాసినది. నిజం చెప్పవలెనంటే, అది పెద్దల యెడ అవిధేయత అని మేమూ భావించాము. ఆ డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఎంపిక పోటీలో మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచినది. పోటీ ముగిసిన పిదప నిఖత్‌తో కరచాలనం చేయలేదు. ‘తగిన శాస్తి జరిగినది’ అనుకున్నాము.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ థాయిలాండ్ యోధురాలిని 5–0తో ఓడించి ప్రపంచ విజేత అయినది. 2023లో ఢిల్లీలో మరల గెలిచినది. నాడు అవిధేయత అన్న దానినే ఇప్పుడు ఆత్మవిశ్వాసం అన్నాము. ఆ లేఖలో ఒక్క అక్షరమైనా మారలేదే! మరి మా అభిప్రాయం ఎందుకు మారినది?

కారణాలు మూడు. మొదటిది, గౌరవాన్నీ ఎంపికనూ ఒకటిగా భావించడం. గౌరవం గతించిన విజయాలకు చెందుతుంది. ఎంపిక నేటి సామర్థ్యాన్ని బట్టి జరగాలి. రెండవది, ఫలితాన్ని చూచి న్యాయాన్ని నిర్ణయించడం. నిఖత్ ఆనాడు ఓడినది. అయినను అడిగినది న్యాయమే. మూడవది చెప్పుటకు సంకోచం కలుగుతున్నది. అదే మాట ఒక యువకుడు అడిగి ఉంటే పౌరుషమని మెచ్చుకొనేవారమేమో!

పిమ్మట కొందరు మేరీ కోమ్‌ను చులకనగా మాట్లాడసాగారు. అదియు పొరపాటే. చేయి కలపని ఒక్క క్షణం వలన ఆరు ప్రపంచ విజయాలు చిన్నబోవు.

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ రెండవ పోరులోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0–5తో ఓడినది. ఆ వూ యూయే ఆపై స్వర్ణ పతకం పొందినది. ఓడలు బండ్లగుట క్రీడలలో సహజం. ఈసారి మాత్రం మా అభిప్రాయం మారలేదు. అది గెలుపు మీద గాక ఆమె అడిగిన న్యాయం మీద నిలిచినది కనుక.

సముద్రతీరానికి చేరువనున్న మన కోటలోనూ ఈ పాఠానికి పని ఉన్నది. కళాశాల జట్టు ఎంపికలో ఒక విద్యార్థినియో విద్యార్థియో ‘నాకూ ఒక అవకాశం ఇవ్వండి’ అని అడిగినప్పుడు దానిని ధిక్కారంగా భావించరాదు. ఎంపిక అందరి యెదుట జరగాలి. ఓడినవారితో మొదట చేయి కలుపవలసినది గెలిచినవారే. అధ్యాపకులమైన మేమూ, కార్యవర్గ సభ్యులూ ఈ నియమాన్ని పాటించినప్పుడే, పాటించుమని విద్యార్థులకు చెప్పే అర్హత మాకు కలుగుతుంది.