పుస్తెలు తీస్తేనే ప్రభువు బల్లా?

మా కొత్తగూడెంలో, బాయి కార్మికుల కాలనీల చుట్టూ ఎన్ని చర్చిలో అన్ని రూల్సు. ఒకచోట బొట్టు వద్దు, ఇంకోచోట పూలు వద్దు, మరోచోట కమ్మలు కూడా తీయాలి. మాకు తెలిసిన ఒకావిడ బాప్తిస్మం అడిగితే పుస్తెలతాడు తీసెయ్యమన్నారు. భర్త బతికుండగా ఎట్లా తీస్తానందావిడ. ఏడాది దాటింది. ఇప్పటికీ ప్రభువు బల్లకు రానివ్వరు. "ఇంకా మారుమనస్సు రాలేదమ్మా" అంటారు అయ్యగారు. వారం వారం ఆ చర్చి ఊడ్చేది మాత్రం ఆవిడే!

దీనికి చూపే ఆధారం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. నేనూ తీసి చదివాను. అలంకారం పైపైన కాదు, లోపల ఉండాలంటూ చెప్పిన ఆ వరుసలో జడ, బంగారం, బట్టలు మూడూ ఉన్నాయి. బంగారం తీయమనేవాళ్లు జడ విప్పమనరేం? బట్టల సంగతి సరేసరి. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు, తినేవాళ్లూ తిననివాళ్లూ ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దంటాడు. దానిమీద ప్రసంగం వినడం అరుదు.

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే డోర్నకల్ ఎంతో దూరం కాదు. 1912లో అక్కడి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన కట్టించిన కెతీడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. స్తంభాలు గుడివాటిలా, గుమ్మటాలు మసీదువాటిలా ఉంటాయి. ప్రార్థనకు అవేవీ అడ్డు రాలేదు. సి.ఎస్.ఐ. పెళ్లిళ్లలో అయ్యగారి ఎదుటే పుస్తెలు కట్టించడం నేను చూసిందే.

అక్కడ ఆశీర్వాదమైంది పక్కవీధిలో పాపమెట్లా అయిందని ఆ అయ్యగారినే అడిగాను.

"అది వేరే సంఘం బాబూ" అన్నారు.